చార్మినారు నుండి చింతచెట్టు వరకు



మన గొల్లపల్లిలో గాని, చుట్టుప్రక్కల జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో గాని "పట్నం పోయినం" అంటే హైదరాబాదు పోయినమని అర్థం. మన తాతల కాలం నుండి మనవాళ్ళు ఆ పట్నానికి పోయి వస్తూనే ఉన్నారు. కొందరు కోర్టు పనిమీద పోతారు. కొందరు గల్ఫు దేశాలకు విమానమెక్కడానికి పోతారు. పెండ్లి బట్టల కోసం పోయేవారున్నారు. రోగులను వెంటబెట్టుకొని పెద్దాసుపత్రికి పోయేవారున్నారు. పని ముగియగానే బస్సెక్కి ఇల్లు చేరుకుంటారు. "పట్నంలో ఏమి చూసినవు?" అని పిల్లలు అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. ఎన్నిసార్లు పోయి వచ్చినా ఆ నగరం మనకు పరాయిదిగానే మిగిలిపోతున్నది.

స్పెయిను, ఇటలీ వంటి దేశాల పాత పట్టణాలలో ఒక మంచి వాడుక ఉన్నది. ఊరి సంగతులు తెలిసిన ఒక మనిషి ముందు నడుస్తాడు. చూడవచ్చినవారు పది పదిహేనుమంది అతని వెనుక నడుస్తారు. ఒక్కొక్క కట్టడం దగ్గర ఆగి దాని కథ వింటారు. బండి మీద పోయేవారికి గోడలు కనిపిస్తాయి, కాలినడకన పోయేవారికి ఆ గోడల వెనుకనున్న మనుష్యులు కూడా కనిపిస్తారు.

అదేవిధంగా ఈ వ్యాసంలో మనము పాత హైదరాబాదులో కొంతదూరం కలిసి నడుద్దాము. చార్మినారు వద్ద బయలుదేరి, మూసీనది దాటి, ఉస్మానియా ఆసుపత్రి వరకు పోదాము. సుమారు రెండు కిలోమీటర్ల దారి. పొలానికి పోయి వచ్చే మనకు అది పెద్ద దూరం కాదు. అయితే ప్రతి కట్టడం దగ్గరా ఒక్క ప్రశ్న అడుగుదాము: దీనిని కట్టకముందు ప్రజలకు వచ్చిన కష్టమేమిటి?

బయలుదేరే ముందు

జగిత్యాల నుండి వచ్చే బస్సు సికింద్రాబాదులోని జూబిలీ బస్‌స్టేషనులో దింపుతుంది. 2020 ఫిబ్రవరి నుండి అక్కడికీ మహాత్మాగాంధీ బస్‌స్టేషనుకూ మధ్య మెట్రోరైలు నడుస్తున్నది. ఆ స్టేషనులో దిగి ఆటోలో చార్మినారు చేరవచ్చు. ఎండ ముదరకముందే, దుకాణాల రద్దీ మొదలుకాకముందే చేరుకోవడం మంచిది. శుక్రవారం పెట్టుకోవద్దు. ఆ రోజు సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు. ఒక సీసాలో మంచినీళ్ళు, కాళ్ళకు మెత్తని చెప్పులు ఉంటే చాలును.

చార్మినారు

మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1580లో గోల్కొండ రాజ్యానికి వచ్చాడు. అప్పటికి గోల్కొండ కోటలో జనం క్రిక్కిరిసిపోయారు. నీటికి ఇబ్బంది ఏర్పడింది. అందుచేత మూసీనదికి దక్షిణాన ఒక కొత్త నగరం కట్టాలని ఆ రాజు నిశ్చయించాడు. నగరానికి నక్షా గీచినవాడు అతని మంత్రి మీర్ మోమిన్ అస్త్రాబాదీ. ఆ నక్షాకు నడిబొడ్డున 1591లో చార్మినారు లేచింది.

ఊరిలో వ్యాపించిన మహమ్మారి తగ్గిపోయినందుకు కృతజ్ఞతగా రాజు దీనిని కట్టించాడని తరతరాలుగా జనం చెప్పుకుంటున్నారు. హిజ్రీ శకంలో వెయ్యవ సంవత్సరం వచ్చిన సందర్భాన కట్టించాడని కొందరు చరిత్రకారుల మాట. ఏది నిజమైనా, ఒక రోగం తగ్గిన గుర్తుగా ఈ నగరం తన మొదటి రాయిని జ్ఞాపకం చేసుకోవడం మనము గమనించవలసిన సంగతి. 2020లో వచ్చిన కరోనా దినాలను చూచినవారికి ఆ కృతజ్ఞత ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఒక్క నిమిషం దాని క్రింద నిలబడండి. నాలుగు దిక్కులకు నాలుగు పెద్ద కమానులు. ఒక్కొక్కటి సుమారు 36 అడుగుల వెడల్పు. గ్రానైటు రాయి, సున్నం కలిపి కట్టిన కట్టడము. లోపలి మెట్లు 149. పై అంతస్తులో పడమటి వైపున చిన్న మసీదు ఉన్నది. కమానుల మీద కనిపించే గడియారాలు 1889లో వచ్చినవి. దక్షిణంగా చూస్తే మక్కా మసీదు కనిపిస్తుంది. కుతుబ్‌షాహీల కాలంలో మొదలైన ఆ మసీదు గోల్కొండ పడిపోయిన తరువాత ఔరంగజేబు కాలంలో పూర్తయినది. కట్టడం మొదలుపెట్టిన రాజవంశం పోయింది, ముగించిన సామ్రాజ్యమూ పోయింది. అక్కడ ప్రార్థించే జనం మాత్రం ఇప్పటికీ వస్తున్నారు.

నాలుగు కమానులు, రాతి బజారు

చార్మినారు నుండి ఉత్తరంగా నడిస్తే కొన్ని అడుగులలోనే నాలుగు కమానుల నడుమ చేరుకుంటాము. దీనిని చార్‌కమాన్ అంటారు. ఇవి 1592లో కట్టినవి. నాలుగింటికి మధ్యలో గుల్జార్‌హౌజ్ అనే నీటితొట్టి ఉన్నది. ఇప్పుడు దాని చుట్టూ ముత్యాల దుకాణాలు, బంగారు దుకాణాలు, ఆటోల హారన్లు. కొత్త నగరం కట్టినవారు నీటికి కరువుపడి వచ్చినవారని మరువవద్దు. అందుకే నాలుగు బాటలు కలిసే చోట వారు నీటికి స్థానమిచ్చారు. మన ఊళ్ళలో చౌరస్తాలో బావి త్రవ్వించినవారి బుద్ధి కూడా ఇటువంటిదే.

ఇంకా ముందుకు పోతే పత్థర్‌గట్టి. రోడ్డుకు రెండు ప్రక్కలా ఒకే తీరు రాతికమానుల వరుస, క్రింద నీడలో నడిచే వసారా, లోపల బట్టల దుకాణాలు. మన ప్రాంతం నుండి పెండ్లి బట్టలకు పోయేవారికి ఈ వసారా బాగా తెలిసినదే. బేరం కుదిరేవరకు అందులోనే నిలబడి ఉంటారు. ఒక్కసారి తలెత్తి పైకి చూడండి. ఈ రాతి వరుస కుతుబ్‌షాహీల నాటిది కాదు. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డువారు ఇరుకు సందులను విప్పి, రోడ్లను వెడల్పు చేసి, నగరాన్ని మరల కట్టిన కాలం నాటిది. నగరాన్ని మరల ఎందుకు కట్టవలసి వచ్చింది? దానికి జవాబు కొంచెం ముందు, నది ఒడ్డున ఉన్నది. దానికంటె ముందు కుడిచేతివైపు తిరిగి మ్యూజియం చూచి వద్దాము.

ముసుగు వేసుకొన్న రిబ్కా

సాలార్‌జంగ్ మ్యూజియం గురించి బడిపిల్లలకు కూడా తెలుసు. అక్కడి పెద్ద గడియారంలో గంట గంటకూ ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. దానిని చూడడానికి జనం బెంచీల మీద ముందే కూర్చొని ఎదురుచూస్తారు. అది తప్పక చూడండి. కాని మన కుటుంబాలవారు ఆగి చూడవలసినది మరొకటి ఉన్నది. అది పాలరాతిలో చెక్కిన రిబ్కా బొమ్మ.

అబ్రాహాము సేవకునితో కూడ ఒంటెనెక్కి ప్రయాణమై వచ్చిన రిబ్కా, పొలములో ఎదురు వస్తున్న ఇస్సాకును చూచి, ఒంటె దిగి ముసుగు వేసుకొన్న సంగతి ఆదికాండము 24వ అధ్యాయములో మనమందరము చదివినదే. ఇటలీ దేశపు శిల్పి బెంజోనీ ఆ ఘడియను పాలరాతిలో చెక్కాడు. ముసుగు కూడా రాయే, ముఖము కూడా రాయే. అయినా పలుచని బట్ట వెనుకనుండి ముఖము కనిపిస్తున్నట్లే ఉంటుంది. నిజాం ప్రధానమంత్రిగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము నగరంలో దీనిని కొన్నారు. పుట్టినింటిని విడిచి, ముందు ఏమున్నదో తెలియకుండా దూరదేశం వచ్చిన ఒక పల్లె కన్య ఇప్పుడు మన పట్నంలో నిలబడి ఉన్నది. పెండ్లి చేసి కూతురును పంపిన తల్లులు ఆ బొమ్మ ముందు కొంచెంసేపు నిలబడితే ఆశ్చర్యం లేదు.

ఈ సాలార్‌జంగ్ పేరు మన ఊళ్ళకు కూడా సంబంధించినదే. ఆయన 1853లో దివానుగా వచ్చేనాటికి నిజాం ఖజానా అప్పుల్లో మునిగి ఉన్నది. శిస్తు వసూలు గుత్తేదారుల చేతుల్లో ఉన్నది. గుత్త పాడుకున్నవాడు పెట్టిన డబ్బుకు మించి రైతు దగ్గర పిండుకొనేవాడు. ఆయన ఆ పద్ధతి తీసివేసి, జీతం మీద పనిచేసే అధికారులను నియమించారు. 1865లో రాజ్యాన్ని జిల్లాలుగా విభజించారు. దానిని జిలాబందీ అంటారు. ఆ జిల్లాలలో ఎలగందుల ఒకటి. అదే తరువాత కరీంనగర్ జిల్లా అయినది. 2016 వరకు జగిత్యాల ఆ జిల్లాలోనే ఉండేది. ఈనాడు మన భూమి కాగితం మీద కనిపించే జిల్లా అనే మాట వెనుక, ఆనాటి రైతులు పడిన బాధ ఒకటి ఉన్నదన్నమాట.

మ్యూజియంలోని వస్తువులలో చాలా భాగం మూడవ సాలార్‌జంగ్ సేకరించినవి. ఆయన పెండ్లి చేసుకోలేదు. 1949లో వారసులు లేకుండా మరణించారు. ఆ సొత్తు చెల్లాచెదురు కాకుండా 1951లో ఆయన నివాసమైన దివాన్‌దేవిడిలోనే ప్రజలు చూచేందుకు ఏర్పాటు చేశారు. 1968లో ఇప్పటి భవనానికి మార్చారు. ఒక ఇంటివారు మాత్రమే చూచుకొన్న రిబ్కాను ఇప్పుడు పల్లెనుండి వచ్చిన ఎవరైనా టికెట్టు కొని చూడవచ్చును.

నది పొంగిన రోజు

మ్యూజియం నుండి తిరిగి వచ్చి నయాపూల్ వంతెన మీద నిలబడుదాము. క్రింద మూసీనది. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండలలో పుట్టి, నల్లగొండ జిల్లాలో వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. వేసవిలో చూస్తే నల్లని మురుగునీరు తప్ప మరేమీ కనిపించదు. ఇది జనాన్ని మింగిన నది అంటే పిల్లలు నమ్మరు. గోదావరి పొంగును చూచిన ధర్మపురి వైపువారు మాత్రం నమ్ముతారు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. ఎడతెగని వానకు ఎగువనున్న చెరువులు ఒకదాని వెనుక ఒకటి తెగిపోయినవి. ఆ నీరంతా నగరం మీద పడింది. సుమారు 15 వేలమంది చనిపోయారని, 19 వేల ఇండ్లు కూలిపోయినవని, 80 వేలమంది నిలువనీడ లేనివారయ్యారని అంచనా. పడమటివైపున ఉన్న పురానాపూల్ 1578లో కట్టినది, అంటే నగరం కంటె ముందే పుట్టిన వంతెన. అది ఆ ప్రవాహానికి తట్టుకొని నిలిచింది.

ఆ రాత్రి నీటిలో కొట్టుకుపోయినవారిలో అమ్జద్ హైదరాబాదీ అనే యువకుని కుటుంబం ఉన్నది. తల్లి, భార్య, చిన్న కూతురు ముగ్గురూ ఆయన కండ్లముందే పోయారు. ఆయన ఒక్కడే బ్రతికాడు. తరువాత ఆయన ఉర్దూలో గొప్ప రుబాయీ కవిగా పేరుపొందారు. ఒక మనిషి జీవితకాలమంతా మోయవలసిన బరువును ఈ నది ఒక్క రాత్రిలో అతని మీద పెట్టింది.

అప్పటి నిజాం మహబూబ్ అలీఖాన్ తన మహళ్ళ ద్వారాలు తెరిపించి బాధితులకు చోటిచ్చారు. మరుసటి సంవత్సరం, అనగా 1909లో, ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. నగరం లోపల గోడలు ఎత్తు చేస్తే చాలదని, పైనుండి వచ్చే నీటిని నగరానికి చేరకముందే పట్టి ఉంచే జలాశయాలు కావాలని ఆయన సలహా ఇచ్చారు. దాని ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. ప్రాణాలు తీసిన నీరే ఆ తరువాత నగరానికి త్రాగునీరైనది. ఇందాక మనము చూచిన వెడల్పాటి రోడ్లు, పత్థర్‌గట్టి రాతికమానులు కూడా ఈ వరద తరువాత నగరం లేచి నిలబడిన గుర్తులే.

అయినా నది తన దారిని మరచిపోలేదు. 2025 సెప్టెంబరు చివరి వారంలో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీనీరు మహాత్మాగాంధీ బస్‌స్టేషనులోకి చేరింది. రాత్రివేళ ప్రయాణికులను బయటికి తీసుకొని రావలసి వచ్చింది. నీరు పారే చోటును మనుష్యులు ఆక్రమించుకుంటే ఎన్ని సంవత్సరాల తరువాతనైనా నీరు వచ్చి అడుగుతుంది. చెరువు శిఖం భూములలో ఇండ్లు కట్టుకుంటున్న మన పల్లెలకు కూడా ఇది హెచ్చరిక కాదా?

ఎడమచేతివైపు నది ఒడ్డున ఎర్రరాతి గుమ్మటాలతో కనిపించేది హైకోర్టు. జైపూరుకు చెందిన శంకర్‌లాల్ గీచిన నక్షా ప్రకారం, విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి ఆధ్వర్యంలో కట్టి 1920లో ప్రారంభించారు. నది నాశనం చేసిన ఒడ్డుమీదనే న్యాయస్థానం కట్టుకున్నారు.

పెద్దాసుపత్రి

వంతెన దాటగానే అఫ్జల్‌గంజ్. ఎదురుగా తెల్లని గుమ్మటాల ఉస్మానియా ఆసుపత్రి. మన ఊళ్ళలో "ఉస్మానియాకు రాసిండ్రు" అనే మాట విన్నప్పుడు ఇంటిల్లిపాది గుండె జారిపోయేది. జగిత్యాలలో నయం కాదన్నారు, కరీంనగరులో నయం కాదన్నారు, ఇక మిగిలినది ఇదే అని దానికి అర్థం. అక్కడి చెట్ల క్రింద చాప పరుచుకొని, మూటలో తెచ్చుకున్న అటుకులు తింటూ, లోపలి నుండి వచ్చే కబురు కోసం దినాలు గడిపిన కుటుంబాలు మన ప్రాంతంలో ఎన్నో ఉన్నవి.

ఈ స్థలంలో మొదట అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది. 1888, 1889 సంవత్సరాలలో క్లోరోఫారం మత్తుమందుపై ఇక్కడ జరిగిన పరిశోధనలు ప్రపంచమంతటా వైద్యుల దృష్టిని ఆకర్షించినవి. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించారు. మత్తుమందు ఎక్కువైతే ముందు ఆగేది శ్వాసేనని ఆ పరిశోధకులు తేల్చారు. గుండె కూడా హఠాత్తుగా ఆగిపోగలదని తరువాతి కాలంలో తెలిసింది. లారీగారి వద్ద చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ వనిత మత్తు ఇచ్చే వైద్యంలో ప్రపంచంలోనే మొదటి స్త్రీలలో ఒకరుగా పేరు పొందారు. స్త్రీలు గడప దాటడం అరుదైన ఆ దినాలలో హైదరాబాదులో ఒక స్త్రీ ఈ పని చేసిందని మన ఆడపిల్లలకు చెప్పవలసిన సంగతి.

ఆ పాత ఆసుపత్రిని 1908 వరద తుడిచిపెట్టింది. దాని స్థానంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ఇప్పటి గుమ్మటాల భవనం లేచింది. దీని వాస్తుశిల్పి కూడా విన్సెంట్ ఎష్. వంద సంవత్సరాలు ఈ కప్పు క్రింద బీదవారు వైద్యం పొందారు. కాని భవనం ముసలిదైనది. 2020 జూలైలో వాననీరు వార్డులలోకి వచ్చి, రోగుల మంచాల క్రింద నిలిచింది. ఆ తరువాత పాత భవనాన్ని ఖాళీ చేయించి తాళం వేశారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి పునాదిరాయి వేశారు. రోగికి పొడిగా ఉండే మంచం కావాలి. అది న్యాయమైన కోరికే. వంద సంవత్సరాలు ఆశ్రయమిచ్చిన గోడలను కూలిపోనివ్వకుండా నిలబెట్టుకోవడము కూడా అంతే న్యాయము. ఒకదాని కోసం ఇంకొకదానిని విడిచిపెట్టనక్కరలేదు.

మన జిల్లాకు సంబంధించిన ఒక మంచి సంగతి కూడా చెప్పాలి. 2022 నవంబరులో జగిత్యాలలో ప్రభుత్వ వైద్యకళాశాల మొదలైనది. పట్నం చెట్ల క్రింద చాప పరుచుకొనే అవసరం రానురాను తగ్గాలని ఆశిద్దాము.

చింతచెట్టు

మన నడకలో చివరి మజిలీ ఆసుపత్రి ఆవరణలోనే ఉన్నది. దానికి గుమ్మటం లేదు, కమాను లేదు. అది ఒక చింతచెట్టు.

1908 వరదనాడు ప్రాణభయంతో పరుగెత్తినవారు ఈ చెట్టు ఎక్కారు. క్రింద నది, పైన వాన. ఒకరి చేయి ఒకరు పట్టుకొని కొమ్మలమీద నిలిచారు. ఆ విధంగా సుమారు 150 మంది బ్రతికి బయటపడ్డారు. రాతి కట్టడాలు కూలిపోయినవి, ఆసుపత్రి కొట్టుకొనిపోయినది, చెట్టు నిలిచింది. ఆ చెట్టు ఎక్కినవారిని నీదే మతము, నీదే కులము, నీదే ఊరు అని అడిగినవారు లేరు. ఈనాటికీ సెప్టెంబరు 28న కొందరు నగరవాసులు దాని క్రింద కూడి ఆ దినాన్ని జ్ఞాపకం చేసుకుంటారు.

మొదట మనము పెట్టుకున్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు దొరుకుతున్నది. మహమ్మారి తగ్గిన జ్ఞాపకంగా చార్మినారు, నీటి కరువుకు జవాబుగా గుల్జార్‌హౌజ్, రైతుల బాధకు జవాబుగా జిలాబందీ, వరదకు జవాబుగా జలాశయాలు, రోగానికి జవాబుగా ఆసుపత్రి. ఈ నగరానికి అందం తెచ్చిన కట్టడాలలో చాలావాటి వెనుక ఒక కన్నీటి కథ ఉన్నది. కష్టం వచ్చినప్పుడు జనం ఏడ్చి ఊరుకోలేదు. తమ తరువాత వచ్చేవారికి ఆ కష్టం రాకూడదని ఏదో ఒకటి కట్టి పోయారు. అందుకే ఈ నగరం పరాయిది కాదు. ఆ నీడలో మనవాళ్ళు కూడా కూర్చున్నారు.

ఈసారి పట్నం పోయినప్పుడు ఒక పూట మిగుల్చుకోండి. పిల్లలను వెంట తీసుకొని ఈ దారిన నడవండి. ఇంటికి వచ్చిన తరువాత ఊళ్ళోని పెద్దలను అడగండి. మన చెరువు ఏ కరువుకు తవ్వించారు? మన బడి ఎవరి పట్టుదలతో వచ్చింది? ఊరి మొదట్లోని ఆ పాతచెట్టు ఎవరికి నీడనిచ్చింది? ఆ పెద్దలు మన మధ్య ఉన్నప్పుడే ఆ కథలు వ్రాసిపెట్టుకుందాము. వాటితోపాటు రాబోయే తరానికి నీడనిచ్చే ఒక చింతమొక్కను కూడా నాటుదాము.